సుట్టున్నర సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: స్క్రూ మొత్తం బిగియ్యి, సుట్టున్నర ఇడువు, బండి నిమ్మలంగ ఆడేదాక సూడు.

అవతారిక: ఏ శాస్త్రానికైనా విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు అనుబంధాలు చెప్పాలి. ఇచట విషయం కార్బొరేటరు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ‘ఏపీ 15’ నంబరుతో రోడ్డెక్కి, 2016 అక్టోబరు 11న నిలబడ్డచోటే కొన్ని జగిత్యాల జిల్లావి, కొన్ని రాజన్న సిరిసిల్ల జిల్లావి అయిపోయిన సీడీ 100లు, స్ప్లెండర్లు, ఆర్‌ఎక్స్ 100లు, టీవీఎస్ ఎక్స్‌ఎల్‌ల కార్బొరేటరు అని విశేషార్థం. ప్రయోజనం పొల్యూషన్ సర్టిఫికెట్. అధికారి పొట్టి స్క్రూడ్రైవరు, పొడుగు ఓపిక కలవాడు. తగవంతా సంబంధం దగ్గరే ఉంది. పరీక్షకు పోయేముందు స్క్రూ తిప్పించుకోవడం దొంగపని అని లోకంలో ఒక వాదం. దొంగపని కాదు, చట్టం అడిగింది సరిగ్గా దాన్నే అని ఈ టీకాకారుని సిద్ధాంతం. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్నాడు. మన మూలం ఒక్క వాక్యమే కనుక ఆ నియమాన్ని కొంత సడలించక తప్పదు.

టీక: ‘మొత్తం బిగియ్యి’ అనగా మొన పీటకు తగిలీ తగలనట్టు ఆగేవరకే అని అర్థం. బలం చూపితే మొన అరిగి, పీట దెబ్బతిని, ఆ తర్వాత ఎన్ని చుట్లు విప్పినా సూత్రం ఫలించదు. ‘స్క్రూ’ అన్నచోట వ్యాఖ్యాతలు రెండు మతాలుగా చీలారు. ఆర్‌ఎక్స్ 100 వంటి వాటిలో స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటుంది. అది గాలిని అదుపు చేస్తుంది కనుక విప్పితే గాలి పెరిగి మిశ్రమం పలచనవుతుంది. సీవీ కార్బొరేటర్లలో అది ఇంజను వైపు ఉండి పెట్రోలు మిశ్రమాన్ని అదుపు చేస్తుంది కనుక విప్పితే చిక్కనవుతుంది. ఒకే మాటకు ఎదురెదురు అర్థాలన్నమాట. ఏ మతంవాడైనా మూలంలోని సుట్టున్నరను ఆరంభ స్థానంగానే తీసుకోవాలి. ఇంజను బాగా వేడెక్కాక రేజు కొంచెం పెంచి, అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున తిప్పుతూ, తిప్పినప్పుడల్లా కాసేపు ఆగి చెవి పెట్టాలి. చప్పుడు ఎక్కడ ఎక్కువ చురుగ్గా, తడబడకుండా వస్తుందో అక్కడ ఆపి, పెంచిన రేజును మళ్లీ దించాలి.

‘నిమ్మలంగ’ అన్న పదమే ఈ సూత్రానికి ప్రాణం. పొల్యూషన్ వ్యాన్‌లోని యంత్రం రెండు అంకెలు చెబుతుంది. మొదటిది కార్బన్ మోనాక్సైడ్: గాలి చాలక పెట్రోలు సగం కాలినందుకు గుర్తు. రెండవది హైడ్రోకార్బన్లు: కాలకుండానే బయటపడ్డ ఇంధనం. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 115వది, 2000 మార్చి 31కి ముందు తయారైన రెండు చక్రాల బండికి మొదటిది 4.5 శాతం, రెండవది 9000 పీపీఎం దాకా ఒప్పుకుంటుంది. ఆ తర్వాతి తరం బండికి మొదటిది 3.5 శాతం, రెండవది ఫోర్ స్ట్రోకుకు 4500, టూ స్ట్రోకుకు 6000. టూ స్ట్రోకులో కొత్త మిశ్రమం కొంత కాలిన పొగతోబాటే బయటికి జారిపోతుంది కనుక, అది దాని పుట్టుక దోషమని గ్రహించి చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. మిశ్రమాన్ని పలచన చేస్తే మొదటి అంకె దిగుతుంది. మరీ పలచనైతే ఇంజను నిప్పు తప్పి కొట్టుకుంటుంది, రెండవ అంకె ఎగబాకుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న కొద్దిపాటి జాగానే మూలకారుడు ‘నిమ్మలం’ అన్నాడు.

పూర్వపక్షం: వ్యాన్ దగ్గర పలచన చేసి, ఇంటికొచ్చి చిక్కన చేసుకుంటే సర్టిఫికెట్ అబద్ధం కాదా? కాదు. బండి నిలబడి ఇంజను ఆడుతున్నప్పుడే కొలవమని నియమం. అలా నిలబడి ఆడేటప్పటి మిశ్రమాన్నే ఈ స్క్రూ నడిపేది. రెండూ ఒకే సంగతి మాట్లాడుతున్నాయి. పైగా 116వ నియమం పరీక్షలో నెగ్గని బండిని సరిచేయించుకుని సర్టిఫికెట్ తెమ్మంటుంది, అంటే సవరణను చట్టమే కోరుతోంది. రింగులు, వాల్వులు అరిగిన ఇంజను పలచని మిశ్రమంతో నిమ్మలంగ ఆడదు, ఆగిపోతుంది. నూనె తాగే ఇంజను రెండవ అంకెలో దొరికిపోతుంది. ఇక వెనక్కి తిప్పుకునేవాడు ప్లగ్గు నల్లబరచుకుని తన పెట్రోలే తగలబెట్టుకుంటాడు. చలికాలం పొద్దున స్టార్టు కాదని అతని సాకు. దానికి చోక్ అని వేరే ఉంది, ఎందుకో దాన్ని మనవాళ్లు తాకరు. అబద్ధమన్న మాట వాడాలంటే గొట్టం పొగలో పెట్టకుండా ఇచ్చిన కాగితానికి వాడాలి. కొత్త బండికి కొండగట్టులో చేయించే పూజ బండిని తాకకుండా జరగదు; పాత బండి పరీక్ష మాత్రం తాకకుండా ఎందుకు జరగాలి?

రెండవ శంక దీనికంటే బలమైనది. కోరుట్ల నుంచి జగిత్యాలకు 63వ జాతీయ రహదారి మీద పోయే బండి ఈ స్క్రూ అదుపులోని స్లో జెట్ మీద కాదు, నీడిల్, మెయిన్ జెట్ల మీద నడుస్తుంది. వాటి జోలికి ఈ పరీక్ష పోదు. ఇది ఒప్పుకోవలసిందే. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే, అసలు పొగ యాక్సిలరేటరు తిప్పాకే వస్తుంది. అయితే ఇది పరీక్ష పరిధికి సంబంధించిన లోటు. స్క్రూ తిప్పినవాడి నేరం కాదు. ఫిల్టరు దులిపి, జెట్లు కడిగి ఆ తర్వాత స్క్రూ పట్టాలన్న అధ్యాహారాన్ని మంచి మెకానిక్ మూలంలో చెప్పకపోయినా పాటిస్తాడు.

విశేషం: సుట్టున్నర నిత్యం కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఎథనాల్ పెట్రోలులో ఇంధనమే ఆక్సిజన్‌ను వెంట తెస్తుంది. అందువల్ల పాత లెక్కకు పెట్టిన స్క్రూ తిప్పకుండానే మిశ్రమం పలచనవుతుంది. మొదటి అంకె చూసి మురిసిపోయేవాడు ఇక్కడే మోసపోతాడు. మూలంలో చివరి మాట ‘సూడు’కు కర్మ చెప్పలేదు, సర్టిఫికెట్ మీద రెండవ గడిలో అచ్చయిన హైడ్రోకార్బన్ల అంకె అని పూరించుకోవాలి.