ఐదో మినహాయింపు

కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) ముసలివాళ్లకు ముందుచూపు లేదట. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) వస్తే అయ్యే ఖర్చుకు నలభయ్యో ఏటి నుంచే ప్రీమియం కట్టుకుంటూ రావాల్సిందట. టై కట్టుకుని ఆర్థిక సలహాలిచ్చే పెద్దమనుషుల మాట ఇది. నలభయ్యో ఏట మావాళ్లు చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల లోతున రాయి కొడుతున్నారు. ఒక్క ఏజెంటైనా కేజ్‌లో దిగి అక్కడికి రాలేదు మరి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ (బీజీఎంఎల్) మూతబడింది. బంగారం ధర నేలకంటుకుని ఉన్న రోజుల్లో బంగారు గనికి తాళం వేసిన సర్కారుది మాత్రం ముందుచూపే. లేనిదల్లా కూలోడికి.

సరే, ముందుచూపు ఉందనే అనుకుందాం. పిల్లలెవరో బెంగళూరులో సంపాదించి ఆరోగ్య బీమా తీసుకున్నారనుకుందాం. పాలసీ పుస్తకం వెనక పేజీల్లో మినహాయింపుల చిట్టా ఉంటుంది. దేశంలో ఏ కంపెనీ అయినా ఒకే మాట రాయాలని బీమా నియంత్రణ సంస్థ 2019లో దాన్ని ఖాయం చేసింది. అందులో కోడ్ 05 చూడండి. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, చెయ్యి పట్టి నడిపించడం లాంటి సాయానికి పైసా రాదు. ఇంట్లో చేసినా, నర్సింగ్ హోంలో చేసినా, చదివిన నర్సు చేసినా, చదవని మనిషి చేసినా రాదు. డిమెన్షియా ఖర్చంతా ఆ మూడు పనుల్లోనే ఉంది. వాటిని తీసేశాక మిగిలేది మాత్రల చీటీ. ఈ షరతు పైన ఉన్న శీర్షిక ఏమిటో తెలుసా? విశ్రాంతి, పునరావాసం!

ఆ శీర్షికను మారికుప్పం గని కార్మికుల లైన్లలో ఏ కోడలికైనా చదివి వినిపించండి. రాత్రి రెండింటికి మామ లేస్తాడు. షిఫ్టుకు టైమయిందంటాడు, టోపీ ఏదంటాడు, దీపం ఎవరు తీశారంటాడు. ఆమె తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకుని ఉంటుంది. "ఈరోజు గనికి సెలవు మామా" అంటుంది. ఇరవై ఏళ్లు దాటిన సెలవు. ఒకరోజు నమ్మి పడుకుంటాడు, ఇంకోరోజు చెయ్యెత్తుతాడు. ఒకప్పుడు తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి పనికి పోయిన మనిషి ఆమె. ఆ జీతం ఇప్పుడు లేదు. దీర్ఘకాలిక సంరక్షణ బీమా మన దేశంలో లేదని ఎవరన్నారు? ఉంది. కోడలి పేరు మీద నడుస్తోంది. ప్రీమియం ఆమెదే, క్లెయిమ్ మాత్రం ఊరందరిదీ.

కొన్ని క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల జాబితాలో అల్జీమర్స్ కూడా ఉంటుంది, కాదనను. అయితే ప్రపోజల్ ఫారంలో పాత జబ్బులన్నీ తుచ తప్పకుండా రాయాలి. ఒకటి మరిచిపోతే క్లెయిమ్ చిక్కులో పడుతుంది. మతిమరుపు బీమాకు మొదటి అర్హత ఏనుగు జ్ఞాపకశక్తి!

కేంద్రం మాత్రం ఊరుకుందా? 2024 అక్టోబరు నుంచి డెబ్బై నిండినవాళ్లందరికీ ఆయుష్మాన్ కింద కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం ప్రకటించింది. ఆస్పత్రిలో చేరి పడుకోవాలి, అంతే. ఈ జబ్బు మనిషి పడుకోడు, తిరుగుతాడు. అదీ ఆయన తప్పే. ఆదాయపు పన్నులో డిమెన్షియా వైద్యానికి వృద్ధులకు లక్ష దాకా రాయితీ ఉంది. పన్ను కట్టేంత ఆదాయం తెచ్చుకునే పూచీ మాత్రం మనదే. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద కనీస పింఛను 2014 నుంచీ నెలకు 1,000 రూపాయలు. అదీ ఏటా బతికే ఉన్నట్టు రుజువు చూపిస్తేనే. తన పేరే గుర్తులేని మనిషి వేలిముద్ర వేసి, తాను తానేనని ఒప్పించాలి.

మా కోలారు జిల్లాలో సైన్సుకు లోటేమీ లేదు. శ్రీనివాసపుర తాలూకాలో ఐఐఎస్సీవారి సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, నలభై అయిదు దాటిన పదివేల మంది పల్లెజనం మెదళ్లను ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకుంది. మంచి పని, వాళ్లను ఒక్క మాట అనను. జబ్బు ఎలా వస్తుందో వాళ్లు తేలుస్తారు. వచ్చినవాణ్ణి ఎవరు కడగాలో తేల్చాల్సినవాళ్లు బెంగళూరు విధానసౌధలో ఉన్నారు. జర్మనీ 1995లో, జపాన్ 2000లో ఈ సాకుడు ఖర్చుకు తప్పనిసరి బీమా పెట్టాయి. జపాన్‌లో నలభై దాటిన ప్రతి ఒక్కరూ చందా కడతారు. మన దగ్గర నలభై దాటితే సలహా ఇస్తారు.

డబ్బు లేదనకండి. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం కేజీఎఫ్‌లో వెయ్యి ఎకరాలకు పైగా పరుచుకున్న పదమూడు సైనైడ్ దిబ్బల్ని మళ్లీ తవ్వుకోమని కేంద్రానికి ఊఁ కొట్టింది. వందేళ్లు పిప్పి చేసి పారేసిన మట్టిలోనూ రేణువులు మిగిలాయట. ఆ మట్టిని పైకి తెచ్చిన మనిషిలో ఏమీ మిగల్లేదు కాబట్టి ఆయన మీద టెండరు పడలేదు. చోటు లేదని కూడా అనకండి. ఇరవై ఏళ్లు బూజుపట్టిన బీజీఎంఎల్ ఆస్పత్రిని 2021లో కోవిడ్ వస్తే తుడిచి తెరవలేదా? డిమెన్షియా మంత్రులకు అంటుకోదు, దానికున్న లోపం అదొక్కటే.

దిబ్బల లెక్కలో టన్నుకు ఎన్ని గ్రాముల బంగారమో ఒక గడిలో రాస్తారు. దాని పక్కనే ఇంకో గడి గీయించండి. ఆ మట్టి తీసిన మనిషిని ఇంట్లో సాకుతున్నవాళ్లకు నెలకు ఎంత, ఏ తేదీన, ఎవరి ఖాతాలో?