లంకెబిందెల అసోసియేట్

తెలుగు చిత్రసీమ మద్రాసు విడిచి హైదరాబాదు చేరాక, జూబ్లీహిల్స్ కొండ మీద నిర్మాతలూ, కొండ దిగువన కృష్ణానగర్‌లో వారిని నమ్ముకున్నవారూ స్థిరపడిన క్రమంలో రూపుదిద్దుకున్న మానవజాతులలో లంకెబిందెల అసోసియేట్ ఒకడు. దర్శకుడి సహాయకులలో పెద్దవాణ్ణి, అనగా రేపోమాపో తానే దర్శకుడు కావలసి ఉండి ఆ రేపు కోసం పదేళ్లుగా ఎదురుచూస్తున్నవాణ్ణి అసోసియేట్ అంటారు. ధనం నింపి, ఒకదానికొకటి గొలుసుతో లంకె వేసి పూర్వులు భూమిలో పాతిపెట్టారని చెప్పుకునే జంట బిందెలు లంకెబిందెలు. ఈ రెండు ఆశలూ ఒకే వ్యక్తిలో కలిసినప్పుడు అతడు మెటల్ డిటెక్టర్ కొనడానికి సిద్ధపడతాడు.

బయటికి చెప్పే కారణం మాత్రం కథా పరిశోధనే. కృష్ణ కౌబాయ్‌గా నటించిన 'మోసగాళ్లకు మోసగాడు' (1971) మొదలుకొని గోపీచంద్ 'సాహసం' (2013) వరకు నిధి కథకు కాలదోషం పట్టలేదని, అయితే ఇంతవరకు ఎవరూ యంత్రాన్ని సహజంగా చూపలేదని అతడు ప్రతి సిట్టింగులోనూ, అంటే గది అద్దె ఒకరు, టీ ఖర్చు మరొకరు భరించగా సాగే కథాచర్చలోనూ, నొక్కి చెబుతాడు. నిధి దొరికితే నిర్మాత అవసరమే ఉండదన్న రెండో కారణాన్ని అతడు నోట పలకడు. వినేవారందరూ దాన్ని మొదటి కారణం కంటే ముందే గ్రహిస్తారు.

యంత్రంతో అతడి పూర్వపరిచయం ప్రీ-రిలీజ్ వేడుకల ద్వారం దగ్గర, నడుము బెల్టు బకిల్ మీదుగా పోతూ కూతపెట్టే భద్రతా సిబ్బంది చేతికర్రతో ముగుస్తుంది. నేలను వెతికే యంత్రమూ అదే కుటుంబానిది. అడుగున పళ్లెంలా ఉండే తీగచుట్ట, అంటే కాయిల్, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని భూమిలోకి పంపుతుంది. అక్కడ లోహముంటే దానిలో సుడులు తిరిగే విద్యుత్తు పుట్టి, తిరిగి తన స్వల్ప క్షేత్రంతో జవాబిస్తుంది. ఆ జవాబే చెవికి కూతగా వినబడుతుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లో ఇదే సూత్రంతో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని తూటా వెతికి విఫలుడయ్యాడు; మంచంలోని ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తికమకపెట్టాయని అంటారు. నిధి కింద మంచమెందుకు ఉంటుందని మన అసోసియేట్ ఈ చరిత్రను తేలిగ్గా కొట్టిపారేస్తాడు.

కొత్తవాడు తన నేలను బట్టి యంత్రాన్ని ఎంచుకోవాలి. ఇనుప ఖనిజాలు కలిసిన ఎర్రమట్టి తానే లోహమన్నట్టు జవాబిస్తుంది కనుక, ఆ మట్టి గోలను అణచే గ్రౌండ్ బ్యాలెన్స్ ఏర్పాటు ఉన్నదే అతడికి తగినది. కాయిల్ పెద్దదైతే లోతు పెరుగుతుంది గాని చిన్న వస్తువులు తప్పిపోతాయి. సాధారణ యంత్రం రూపాయంత నాణేన్ని జానెడు లోతున పసిగడితే అదే గొప్ప. అసోసియేట్ మాత్రం హీరోను ఖరారు చేసే పద్ధతిలో యంత్రాన్ని ఖరారు చేస్తాడు. ముందు గెటప్, తర్వాత మార్కెట్, ఆఖరున, తీరిక దొరికితే, కథకు నప్పుతాడా లేదా అన్నది. కెమెరా సహాయకుడు నల్లరంగు మోడల్‌కు ఓటేస్తాడు, ఎండలో మెరవదని. సౌండ్ విభాగంవాడు హెడ్‌ఫోన్స్ తప్ప వేరే విషయం వినిపించుకోడు. ఆర్ట్ విభాగంవాడు జాలిపడి, "ఎందుకన్నా అంత డబ్బు పోసి? పీవీసీ పైపుకి స్టీలు పళ్లెం బిగించి, ఎర్రలైటు పెట్టి రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా" అంటాడు. సభలో విజ్ఞుడు అతడొక్కడే.

ఈ దశలోనే లాంగ్ రేంజ్ లొకేటర్ రంగప్రవేశం చేస్తుంది. చేతిలో పట్టుకుంటే యాంటెన్నా తనంతట తానే నిధివైపు తిరుగుతుందని, వంద అడుగుల లోతైనా లెక్కలేదని చెప్పి అమ్మే వస్తువు ఇది. గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువు వంటిదానికే బాంబులు పట్టే యంత్రమని పేరుపెట్టి ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో బ్రిటన్ న్యాయస్థానం పదేళ్ల జైలుశిక్ష విధించిందని చెప్పినా అతడు చలించడు. అది బాంబుల సంగతి, ఇది బంగారం సంగతి అంటాడు. ఆ యాంటెన్నా బారి నుంచి అతణ్ణి కాపాడేది విజ్ఞానం కాదు, ఫైనాన్షియర్ ఫోన్ ఎత్తకపోవడం. చివరికి ఎవరో వాడి వదిలేసిన మామూలు యంత్రం వాయిదాల మీద ఇంటికి వస్తుంది.

ముహూర్తం చూసి తొలి ప్రయోగానికి ఎంచుకునే స్థలం, ఇటీవలే సెట్ విప్పేసిన ఖాళీ జాగా. జూబ్లీహిల్స్ కొండంతా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. దానిమీద పలచగా మట్టి, మట్టి నిండా వడ్రంగులు వదిలిన మేకులు. యంత్రం ఆగకుండా మోగుతుంది. డిస్క్రిమినేషన్, అనగా అక్కరలేని లోహానికి యంత్రం నోరు మూయించే మీట, ఇందుకోసమే ఉంది. అతడు దాన్ని తిప్పి ఇనుమును బహిష్కరిస్తాడు. మన రూపాయి నాణెం 1992 నుంచి అయస్కాంతానికి అంటుకునే ఉక్కుతోనే వస్తున్నది కనుక, మేకుతోపాటు రూపాయి కూడా మూగబోయే ప్రమాదముంది. సిగరెట్ పెట్టెలోని రేకును బహిష్కరిస్తే ఇబ్బంది ఇంకా ఖరీదైనది. సన్నని బంగారు ఉంగరమూ ఆ రేకూ యంత్రం చెవికి ఇంచుమించు ఒకే స్వరంలో పలుకుతాయి.

విసిగి అతడు కర్నూలు సీమ వైపు చూపు తిప్పుతాడు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలు ఏరుకుంటారన్నది నిజమే. వజ్రం లోహం కాదన్నదీ నిజమే, ఆ రెండో నిజం అతడికి బస్ టికెట్ తీసుకున్నాక తెలుస్తుంది. పాత కోటల మీదికి పోదామంటే, రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వకూడదని 1958 నాటి చట్టం అడ్డుపడుతుంది. అనుమతి ఉన్నా ఒరిగేది తక్కువే: హైదరాబాదు నడిబొడ్డున విద్యారణ్య పాఠశాల ఆవరణలో నిధి ఉందన్న ప్రచారంతో 2011-12లో సాక్షాత్తు పురావస్తు శాఖే తవ్వించి, మట్టి తప్ప మరేమీ లేదని తేల్చుకుంది.

గత్యంతరం లేక అతడు మీటను సున్నాకు తిప్పి, మేకులన్నిటి మొర ఓపిగ్గా వింటూ పాత సెట్ జాగాలోనే సాయంత్రం దాకా తవ్వుతాడు. అప్పుడు నిజంగానే డబ్బు తగులుతుంది. చిత్రీకరణ ముగిసిన రోజు దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయలోంచి చెదిరి, కుంకుమ అంటుకొని మట్టిలో కూరుకుపోయిన చిల్లర అది. మొత్తం పదకొండు రూపాయలు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. ఆ రాత్రి కృష్ణానగర్ సిట్టింగులో, ఎవరూ దాచనిది నిధి అవుతుందా అని రెండు గంటలపాటు చర్చ నడుస్తుండగా, ఆ గుమ్మడికాయ ఖర్చు తన పద్దులోదేనంటూ ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి చిల్లర లెక్కపెట్టుకుని తీసుకుపోతాడు.