గల్లీలో ఒలింపిక్స్

కొండల మీద సైకిల్ పందేలు 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కెక్కాయి. కొండే లేని మా హైదరాబాద్ కిషన్‌బాగ్‌కు అంతకుముందే వచ్చేశాయని ఇక్కడి గల్లీల్లో సైకిల్ తొక్కిన నడుములు సాక్ష్యమిస్తాయి. పైపు కోసం తవ్వి మట్టితో కప్పెట్టిన కందకం, రోడ్డుకు జానెడు పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత, ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్, వానొస్తే లోతు తెలియని మడుగు... పైదేశాల్లో ఇలాంటి ట్రాక్‌కు ప్రత్యేకంగా నిపుణులను పిలిపిస్తారట. మనకు టెండరు కూడా అక్కర్లేదు!

నగరం సైకిల్‌ను మరిచిందనకండి. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకలు కూడా. కొందరు ఆ ట్రాక్ దాకా సైకిల్‌ను కారెక్కించి తీసుకెళ్తారు. పాలకీ పనికీ బడికీ సైకిలే గతైన కిషన్‌బాగోడి నెత్తిన మాత్రం సూర్యుడే. పక్కనే జూపార్కు నుంచి ఆరాంఘర్‌కు ఆరు వరుసల ఫ్లైఓవర్ 2025 జనవరిలో వచ్చింది. సంతోషం, కార్లకు.

అధికారులూ! పతకాలు మాకొద్దు. ఆ మూతలను రోడ్డుకు సమంగా దించండి, చాలు.