పేర్ల పంచాయితీ

వీధికొక లినక్సు మాస్టారు ఉంటాడు. మా చిక్కడపల్లి మాస్టారు రిటైరైన అకౌంటెంటు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపర్లన్నీ తిరగేసి, ఎవరు దొరుకుతారా అని బయల్దేరతాడు. ల్యాప్‌టాప్ మీద విండోస్ స్టిక్కరు గీకేసిన మచ్చ ఇంకా ఉంది.

ఆయన లోకంలో పాపం ఒక్కటే: రెండిటికి ఒకే పేరు.

మొన్న నారాయణగూడలో ఇరానీ చాయ్ చెప్పి మొదలుపెట్టాడు. “నోడ్ అని హామ్ రేడియో వాళ్ల ప్రోగ్రాం ఉండేదోయ్, పాతకాపు. తర్వాత నోడ్ జేఎస్ వచ్చి, నా కమాండూ నోడే అంది. ఒక పేరుకు ఒకటే కుర్చీ కదా! 2012లో డెబియన్ లినక్సు వాళ్ల టెక్నికల్ కమిటీ ఇద్దర్నీ దింపేసింది. ఒకడు ఏఎక్స్25-నోడ్, ఇంకొకడు నోడ్‌జేఎస్. 2017లో గానీ ఆ తీర్పు ఎత్తేయలేదు. రాజీ కుదరకపోతే ఇద్దరూ పేరు మార్చుకోవాల్సిందే. అదీ అప్పటి డెబియన్ పాలసీ!”

చాయ్ చల్లారింది. బిల్లు నేనే కట్టాను.

అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కు చదివే ముగ్గురు సాయిలది ఒకే గది. ఒక సాయికి ఇంటినుంచి వచ్చిన అరిసెలు ఇంకో సాయి తినేశాడు. పంచాయితీ మాస్టారి దగ్గరికొచ్చింది. “రూలు ప్రకారం ఇక ఎవరూ సాయి కాదు” అని తీర్పిచ్చాడు. సాయి-కిటికీ, సాయి-తలుపు, సాయి-ఫ్యాను.

“ఫ్యాను తిరగట్లేదండీ” అన్నాడు మూడోవాడు.

“అయితే నువ్వు మెయింటెయినర్ లేని ప్యాకేజీవి.”

తిన్నదెవరో మాత్రం తేలలేదు. “ఓవర్‌రైట్ అయిపోయింది. డెబియన్‌లో ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ అయితే ముందే ఆపేది” అని నిట్టూర్చాడు, అరిసెలు పోయింది తనవే అయినట్టు.

వెక్కిరిస్తున్నాను గానీ, ఆ మాట నిజమే. నా ల్యాప్‌టాప్ ‘ఈ ఫైలు వేరే ప్యాకేజీది’ అని మొరాయించిన రాత్రి, పదకొండింటికి లుంగీతోనే వచ్చాడు. ఫోర్స్ కొట్టబోతున్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫైలు ఎవరి సొత్తో డీపీకేజీనే అడిగి, పాత ప్యాకేజీ తీయించి, కొత్తది ఎక్కించి, మంచినీళ్లు తాగి వెళ్లాడు.

సాయంత్రం ఆయన భార్య బాల్కనీలోంచి “ఏవండీ” అని పిలిస్తే కింద నలుగురు మగాళ్లు తలెత్తుతారు. ఎత్తనిది ఆయనొక్కడే. ఈ పేరు మీద మాత్రం ఇంతవరకూ పంచాయితీ పెట్టలేదు.