వంగినదాన్ని వంగిందనే అనేవాళ్లం

మా రోజుల్లో ఇనుము వంగితే వంగిందనే అనేవాళ్లం. ఇప్పుడు ఆదివారం వస్తే మా మనవడు ఫార్ములా వన్ రేసు పెట్టి, "తాతా, ఆ వెనక రెక్క చూడు" అంటాడు. బండి 300 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి రెక్క వెనక్కి వాలుతుంది. బ్రేకు పడగానే మళ్లీ లేచి నిలబడుతుంది. కళ్లముందు జరుగుతున్నదే. అధికారులు మాత్రం పరీక్షలో నెగ్గింది, నిబంధన ప్రకారమే ఉంది అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సారపాక కాగితం మిల్లుకు వెదురూ జామాయిలూ తోలే లారీల కింద బతికినవాణ్ని నేను. లారీ బరువు మోసే కమాన్ కట్ట ఉన్నదే వంగడానికి. ఎంత బరువుకు ఎంత కుంగాలో చూసుకొని పట్టీ మీద పట్టీ పేర్చేవాళ్లం. లోడు మీరితే బండి కుంగిపోయి చెక్‌పోస్టు దగ్గర దూరం నుంచే దొరికిపోయేది. దాచడానికేం ఉంటుంది?

రేసు కారు రెక్క కూడా వంగక తప్పదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. విమానం రెక్కను తిరగేసి బిగించినట్టు ఉంటుంది కాబట్టి గాలి దాన్ని కిందికి తొక్కుతుంది. వేగం రెండింతలైతే ఆ తొక్కుడు నాలుగింతలవుతుంది. అంత బరువుకు ఇసుమంతైనా కదలని వస్తువు లోకంలో లేదు. కానీ ఇప్పటివాళ్లు కార్బన్ పొరలను ఏ దిక్కుకు పరిస్తే ఎటు మెలితిరుగుతుందో లెక్కకట్టి మరీ అతుకుతున్నారు. తిన్నని దారిలో వెనక రెక్క వాలితే గాలి అడ్డు తగ్గి వేగం పెరుగుతుంది. మలుపులో లేచి నిలబడితే పట్టు దొరుకుతుంది. ఈ రెండు లాభాలూ కావాలి, రెక్క కదల్లేదన్న పేరూ కావాలి!

మా కాలంలో ఈ రెక్కలు బారెడు కడ్డీల మీద నిలబడేవి. 1969 మే 4న బార్సిలోనాలోని మోంజుయిక్ పార్కు పందెంలో గ్రాహం హిల్ లోటస్ బండి రెక్క విరిగి, బండి అడ్డుగోడకు కొట్టుకుంది. కాసేపటికి ముందు పరిగెడుతున్న యోహెన్ రింట్ రెక్క కూడా అక్కడే విరిగింది. అతని బండి వెళ్లి హిల్ బండి శిథిలాన్నే గుద్దింది. ముఖానికి దెబ్బలు తగిలి రింట్ తర్వాతి మొనాకో పందేనికి రాలేకపోయాడు. ఆ మొనాకోలోనే ఎత్తు రెక్కలను నిషేధించారు. రెక్క కదలకూడదన్న కట్టడి ఆ దెబ్బల్లోంచి పుట్టింది. అదే ఏడాది జనవరిలో మా పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల గొడవ తెలంగాణ ఉద్యమమై రాజుకుంది. ఇక బార్సిలోనా కబురు మా దాకా ఎక్కడొస్తుంది? ఇదంతా తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. చదివాక మాత్రం ఆ కట్టడి మీద గౌరవం పెరిగింది.

మరి ఇప్పుడా కట్టడిని ఎట్లా చూస్తున్నారు? నిలిపిన బండి రెక్క మీద బరువు పెట్టి, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలుస్తారు. 2010లో రెడ్ బుల్ జట్టు బండి ముందు రెక్క నేలను తాకేంతగా కుంగుతోందని గోల లేస్తే 50 కిలోల పరీక్షను 100 కిలోలు చేశారు. 2024లో బాకూ పందెంలో మెక్‌లారెన్ జట్టు బండి వెనక రెక్క పై పలక అంచు లేచి సందు తెరుచుకోవడం కెమెరాకు చిక్కింది. అదీ పరీక్ష నెగ్గిన రెక్కే! అధికారులతో మాటలయ్యాక ఆ జట్టు దాన్ని మార్చింది. 2025 స్పెయిన్ పందెం నుంచి ముందు రెక్క వంగడానికి ఇచ్చిన 15 మిల్లీమీటర్లను 10కి దించారు. పరీక్ష బిగించిన ప్రతిసారీ ఆ పరీక్షకే సరిపోయే రెక్క తయారవుతోంది.

మన హైదరాబాద్‌లో ఈ తగువు రాలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల 'ఫార్ములా-ఈ' పందెం జరిగి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అక్కడ అన్ని జట్లకూ ఒకే చట్రం, ఒకే రెక్కలు. అందులో తేడా చేసే వీలే లేదు. ఆ పందెం మరుసటి ఏడాదే రద్దయింది, అది వేరే బాధ.

2026 నుంచి ఫార్ములా వన్‌లో తిన్నని దారిలో ముందు వెనక రెక్కల పలకలు రెండూ వాలడానికి నిబంధనలే ఒప్పుకున్నాయి. బాహాటంగా కదిలేదాని మీద నాకు ఫిర్యాదు లేదు. చాటుగా వంగేదాని సంగతే ఇంకా తేలలేదు. 2021లోనే వెనక రెక్కల మీద చుక్కలు అంటించి, పరుగులో ఎంత వంగుతున్నాయో కెమెరాతో చూశారు కదా. ఆ కొలతనే తీర్పుగా పెట్టండి. టీవీలో వేగం చూపించే చోటే, పక్కన రెక్క ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కూడా వేయండి. మా మనవడూ చూస్తాడు, నేనూ చూస్తాను.