హిట్టయితే సొంతం, ఫట్టయితే కాంట్రాక్టు!

జపాన్ గేమ్ స్టూడియో ప్లాటినమ్‌గేమ్స్‌కు దాని వీరాభిమానులే పద్దులు రాస్తారు. యాక్టివిజన్ కోసం చేసిన ‘కోరా’ (2014), ‘నింజా టర్టిల్స్’ (2016) తుస్సుమన్నాయా? ‘పాపం, లైసెన్సు గేములు, గడువుకు అప్పజెప్పే కాంట్రాక్టు పని. వాళ్లేం చేస్తారు!’ అదే యాక్టివిజన్‌కు చేసిన ‘ట్రాన్స్‌ఫార్మర్స్: డివాస్టేషన్’ (2015) బాగుందా? అప్పుడు కాంట్రాక్టు మాటే ఎత్తరు. 2017లో ‘నియర్: ఆటోమాటా’ అదిరిపోయిందా? ‘అదీ స్టూడియో సత్తా!’ అది స్క్వేర్ ఎనిక్స్ సొత్తు, దర్శకుడు యోకో తారో బయటివాడు అంటే వినరు. మళ్లీ స్క్వేర్ ఎనిక్స్‌కే కొత్త కథతో చేసిన ‘బాబిలాన్స్ ఫాల్’ 2022లో వచ్చి ఏడాది తిరక్కుండానే మూతపడితే మాత్రం, తప్పంతా పని ఇచ్చినవాడిదేనట!

లాభం స్టూడియో ఖాతాలో, నష్టం లైసెన్సు ఖాతాలో. ఇంతటి ఆడిటర్లు దొరికితే ఏ కంపెనీ అయినా దివాలా తీస్తుందా?