నమ్మకం రెండు లక్షల వరకే

మన విశ్వవిద్యాలయం విదేశీ విశ్వవిద్యాలయంతో చేతులు కలిపిందనడానికి తిరుగులేని రుజువు శాలువా. ఎంవోయూ మీద సంతకాలు, ఫైళ్ల మార్పిడి, వీసీగారి చిరునవ్వు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. ఇంతకీ పరిశోధన ఎప్పుడండీ అని ఆ సభలో అడిగినవాడికి కాఫీ కూడా ఇవ్వరు. ముందు నిధులు రావాలి కదా!

నిధులు లేవని మాత్రం అనకండి. 2018లో కేంద్రం స్పార్క్ పథకం పెట్టింది. 418 కోట్ల రూపాయలు, 28 దేశాలు, 600 ఉమ్మడి ప్రాజెక్టుల లక్ష్యం. షరతు చిన్నదే. అవతలి సంస్థ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లోనో, సబ్జెక్టులో మొదటి 200లోనో ఉండాలి. ఇవతలి సంస్థ జాతీయ ర్యాంకుల (ఎన్‌ఐఆర్‌ఎఫ్) మొదటి వందలో ఉండాలి. అప్పు అక్కర్లేనివాడినే వెతికి అప్పిచ్చే బ్యాంకు పద్ధతి ఇది. సగం పోస్టులు ఖాళీగా ఉన్న మన జిల్లా విశ్వవిద్యాలయం వెళ్లి తలుపు తడితే ర్యాంకు తెచ్చుకుని రమ్మంటారు. ర్యాంకు రావాలంటే పరిశోధన జరగాలి, పరిశోధన జరగాలంటే నిధులుండాలి, నిధులు కావాలంటే ర్యాంకుండాలి. ఈ చక్రాన్ని ఎవరు తిప్పుతున్నారో కనిపెట్టడానికి కూడా ఒక ఉమ్మడి ప్రాజెక్టు అవసరమే.

అంతకుముందే, 2015లో, గ్యాన్ అని మరో పథకం వచ్చింది. విదేశీ ఆచార్యుడు వచ్చి రెండు వారాలు పాఠం చెబితే ప్రయాణ ఖర్చులతో కలిపి 12 వేల డాలర్ల దాకా ఇస్తారు. మంచిదే. పెద్ద శాస్త్రవేత్తను యూట్యూబ్‌లో మాత్రమే చూసిన పిల్లలు ఆయన్ని ఎదురుగా కూర్చుని ప్రశ్నలడగొచ్చు. ఆయన పాఠం చెప్పి, బిర్యానీ తిని, చార్మినార్ చూసి విమానమెక్కుతారు. ఆయన్ని పిలిచిన మన ప్రొఫెసర్ మాత్రం బిల్లులు, రసీదులు, హాజరు పట్టిక, ఫొటోలు జతచేసి వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపుతారు. మార్చి 31 దాటిందో, ఆయన శాస్త్రం పోయి సంజాయిషీ మిగులుతుంది.

మనుషుల్ని రప్పించడం ఖర్చనుకుంటే తెర మీద కలుసుకోవచ్చు. 2021 జనవరిలో దానికీ ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అంతర్జాతీయ ఆన్‌లైన్ సదస్సు పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, దేశ అంతర్గత వ్యవహారాల జోలికి పోకూడదు. మన మట్టి, మన వాన, మన దోమ అంతర్గతమా బహిర్గతమా అన్నది తేలక శాస్త్రవేత్తలు తలలు పట్టుకున్నారు. సైన్స్ అకాడమీలు అభ్యంతరం చెప్పాక ఫిబ్రవరిలో ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. దోమకు అనుమతి కోసం శాఖల చుట్టూ తిరిగే బాధ తప్పింది.

ఆ తర్వాత పన్నులవారు వచ్చారు. ఒక ప్రభుత్వ శాఖ పరిశోధనకు డబ్బిచ్చేది, ఇంకో శాఖ ఆ డబ్బు మీద 18 శాతం జీఎస్టీ కట్టమనేది. 2024లో ఒక్క ఢిల్లీ ఐఐటీకే వడ్డీ, జరిమానాలతో కలిపి 120 కోట్ల నోటీసు వెళ్లింది. సెప్టెంబరులో జీఎస్టీ మండలి గ్రాంట్లకు మినహాయింపు ఇచ్చింది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేయి లాక్కోకూడదని తేల్చడానికి 54వ సమావేశం దాకా ఆగాల్సి వచ్చింది.

సరే, డబ్బు చేతికొచ్చింది. రసాయనం కొనాలి. విదేశీ భాగస్వామి ఫలానా కంపెనీ సీసానే వాడాడు కనుక మనమూ అదే వాడితేగానీ ఫలితాలు పోల్చలేం. ప్రభుత్వ కొనుగోళ్లకు తప్పనిసరైన జెమ్ పోర్టల్ మాత్రం అంతకన్నా చవకైన సీసా చూపించేది. ప్రయోగం చెడిపోయినా ఫరవాలేదు, ఆడిట్ చెడకూడదు. ఈ గోడు విని విని 2025 జూన్‌లో ప్రభుత్వం కనికరించింది. పరిశోధన పరికరాలను, సామగ్రిని జెమ్ బయట కొనే అధికారం సంస్థల అధిపతులకు ఇచ్చింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. అంటే ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న ఆచార్యుడి నిజాయితీ మీద సర్కారువారి నమ్మకం ఒక్కసారిగా రెట్టింపయింది!

ఇదంతా చదివి దిగులుపడుతున్న పరిశోధక విద్యార్థికి ఒక ఉచిత సలహా. ఇక్కడే ఉంటే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ కింద నెలకు 37 వేలు, అదీ వచ్చిన నెలలో. మీ అన్నయ్యలాగా నువ్వూ వీసా తీసుకుని అమెరికా వెళ్లిపో నాయనా. అక్కడ ప్రొఫెసరైపో. 2017లో పెట్టిన వజ్ర పథకం ప్రవాస భారతీయులకూ వర్తిస్తుంది. ఏడాదిలో ఒక్క నెల వచ్చి ఇక్కడి ల్యాబులో కూర్చుంటే 15 వేల డాలర్లు. ఇక్కడే ఉండి దాదాపు మూడేళ్లు సంపాదించే ఫెలోషిప్ అది. మనిషివి నువ్వే, బుర్రా అదే, ల్యాబూ అదే. నిన్ను తిరిగి పిలవడానికి మన దగ్గర పథకం సిద్ధంగా ఉంది. అట్టిపెట్టుకోవడానికి మాత్రం ఫైలు ఇంకా కదలాలి.